డోరు స్టిక్కర్‌లో 185/65 ఆర్15, వెనక టైర్ల మీద 195/65 ఆర్15: మాలకొండ మలుపుల్లో టైరు రాసుకుంటోంది

కావలి_డిజైర్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిదే మొదటి పోస్టు.

నాలుగు నెలల కిందట 2018 మారుతి డిజైర్ కారు, జెడ్ఎక్స్ఐ మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఒక్కడినే తిరిగేటప్పుడు ఏ ఇబ్బందీ తెలియలేదు. ఇవాళ శనివారం గదా, అమ్మానాన్నలు, మా ఆవిడ, చెల్లెలు, అందరం కలిసి మాలకొండ నరసింహస్వామి గుడికి పోయాం. కందుకూరు దాటి చాలాదూరం బాగానే వచ్చింది. కొండ మీదికి మలుపులు తిరిగేటప్పుడు వెనక ఎడమ పక్క నుంచి గర్రు గర్రుమని చప్పుడు మొదలైంది. గుంటలో దిగినా అదే చప్పుడు. పైన బండి ఆపి చక్రం పైభాగంలో చెయ్యి పెట్టి చూశా. లోపలి ప్లాస్టిక్ లైనింగ్ మూడు వేళ్ల వెడల్పున చంద్రవంకలాగా అరిగి నున్నగా మెరుస్తా ఉంది. టైరు భుజం (రోడ్డుకి ఆనే పట్టీ అంచు) మీద కూడా గీతలు చెరిగిపోయి నల్లగా నిగనిగలాడతా ఉంది. రబ్బరు కాలిన వాసన.

అప్పుడు మొదటిసారి టైర్ల మీద నంబర్లు చదివా. ముందు రెండూ 185/65 ఆర్15 88హెచ్, డ్రైవర్ డోరు తెరిస్తే కనపడే కంపెనీ స్టిక్కర్‌లో ఉన్న సైజే. వెనక రెండూ 195/65 ఆర్15 91హెచ్. డిక్కీలో స్టెప్నీ అయితే ఏకంగా 165/80 ఆర్14! ఒకే బండికి మూడు సైజులు. దిగి వచ్చేటప్పుడు దారిలో ఒక టైర్ల షాపులో అడిగితే "కొంచెం లావు టైరు సార్, గ్రిప్పు బాగుంటది, ఏం కాదు" అన్నారు. 90 దాటితే స్టీరింగ్ కూడా వణుకుతోంది. ఈ నంబర్లకి అర్థం ఏంది, నేను మోసపోయానా, ఇప్పుడు ఏం చెయ్యాల? ఇంట్లో వాళ్లని ఎక్కించుకోవాలంటే భయంగా ఉంది.

---

ఆటోనగర్_నెల్లూరు | శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఒక మాట. సరిచేసే దాకా వెనక సీట్లో ముగ్గుర్ని ఎక్కించొద్దు. లైనింగ్ అరిగితే పోయేది ప్లాస్టిక్కే, కానీ ఫెండర్ (చక్రం మీద కప్పే రేకు) ఇనప అంచు తగిలితే టైరు గోడ కోసుకుపోతాది. గోడ కోసుకుంటే పంచర్ మాదిరి మెల్లగా గాలి దిగదు, ఒక్కసారిగా పోతాది.

నేను పద్నాలుగేళ్లుగా టైర్ల పనిలోనే ఉండా. నంబర్లు చెప్తా చూడు. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రోడ్డుకి ఆనే పట్టీ వెడల్పు కాదు అది. ఒక పక్క గోడ నుంచి ఇంకో పక్క గోడకి, ఉబ్బిన చోట కొలిస్తే వచ్చేది. ఆర్ అంటే రేడియల్, టైరు లోపలి తాళ్లు వేసిన తీరు. రేడియస్ అనుకునేవాళ్లు చానామంది ఉండారు, అది కాదు. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 88 బరువు నంబరు, హెచ్ స్పీడు అక్షరం.

మధ్యలో 65 దగ్గరే అందరూ తప్పు చేస్తారు. అది 65 మిల్లీమీటర్లు కాదు. వెడల్పులో నూటికి 65 పాళ్లు గోడ ఎత్తు అని. అంటే వెడల్పు పెరిగితే ఎత్తు కూడా తనంతట తనే పెరుగుతాది. "65 అట్నే ఉంది గదా, లావు ఒక్కటే మారింది" అని నీ బండికి ముందు ఎవరో 195/65 వేశారు. లావుతో పాటు ఎత్తు కూడా పెరిగింది, అది వాళ్లు చూసుకోలేదు.

ఇప్పుడు నాకు రెండు కావాల. వెనక టైరు మీద డాట్ (డి, ఓ, టి అక్షరాలు) అని ఉండే చోట చివరి నాలుగు అంకెలు. చక్రం విప్పి రిమ్ము వెనక పోత పోసిన నంబర్లు. ఉన్నవి కంపెనీ రిమ్ములేనా, బయట కొన్న అల్లాయ్‌లా?

---

లెక్కల_టీచరమ్మ | ఆదివారం, ఉదయం 6:50

మాది నెల్లూరు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. శాతాల పాఠానికి ప్రతి ఏడాదీ పిల్లల్ని స్కూలు ముందు ఆగిన బండ్ల దగ్గరికి తీసుకెళ్లి టైర్లు చదివిస్తాను, అందుకే ఈ లెక్క నాకు బాగా అలవాటు. మొత్తం ఎత్తు మీ చేత్తోనే కట్టుకోవచ్చు.

మీ అసలు సైజు 185/65 ఆర్15. 185లో 65 శాతం 120.25 మిల్లీమీటర్లు. రిమ్ముకి పైన ఒక గోడ, కింద ఒక గోడ కాబట్టి రెండింతలు, 240.5. రిమ్ము 15 అంగుళాలు, అంగుళానికి 25.4 చొప్పున 381. మొత్తం 621.5 మిల్లీమీటర్లు.

వెనక ఉన్న 195/65 ఆర్15. గోడ 126.75, రెండు గోడలు 253.5, రిమ్ము అదే 381. మొత్తం 634.5. తేడా 13 మిల్లీమీటర్లు, అంటే నూటికి రెండుకి కాస్త పైన. ఇరుసు నుంచి చూస్తే పైకి పెరిగింది ఆరున్నర మిల్లీమీటర్లే.

ఇక స్టెప్నీ. 165/80 ఆర్14 చూసి బెంబేలు పడ్డారు కదా, లెక్క కట్టి చూడండి. 165లో 80 శాతం 132. రెండు గోడలు 264. రిమ్ము 14 అంగుళాలు, 355.6. మొత్తం 619.6. అసలు టైరుకీ దీనికీ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! రిమ్ము ఒక అంగుళం తగ్గింది, ఆ మేరకు గోడ ఎత్తు పెరిగింది. మీ బండిలోనే కింది మోడళ్లకి ఈ 165/80 ఆర్14 సైజే వస్తుంది. పేరు చూస్తే వేరు, ఎత్తు చూస్తే ఒకటే. వెనక టైర్లది దీనికి సరిగ్గా తిరగబడిన కథ. రిమ్ము నంబరు ఒకటే, శాతం నంబరు ఒకటే, ఎత్తు మాత్రం వేరు. అందుకని మోసం స్టెప్నీలో లేదు.

---

ఒంగోలు_ట్యాక్సీ | ఆదివారం, ఉదయం 8:30

టీచరమ్మ గారి లెక్క కాదనను గానీ, నాకు ఒక్కటి అర్థం కావట్లేదు. మా స్టాండులో ఒకాయన ఇదే బండికి నాలుగు చక్రాలకీ 195/65 వేసి మూడేళ్లు తిప్పాడు. ఒంగోలు నుంచి తిరపతి, శ్రీశైలం, ఫుల్ లోడు. ఎక్కడా రాసుకోలా. ఆరున్నర మిల్లీమీటర్లంటే చిటికెన వేలంత మందం కూడా లేదు గదా, దానికే లైనింగ్ అరుగుద్దా?

---

ఆటోనగర్_నెల్లూరు | ఆదివారం, ఉదయం 9:05

మంచి ప్రశ్న అన్నా. నాకున్న అనుమానం కూడా అదే. ఒక్క టైరుతో అంత రాపిడి రాదు, రిమ్ములో ఏదో ఉంది. అందుకే వెనక నంబర్లు అడిగా. మీ స్టాండులో ఆయనవి కంపెనీ రిమ్ములే అయ్యుంటాయి.

---

కావలి_డిజైర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

పొద్దున చక్రం విప్పా. వెనక వైపు మట్టి గట్టిపడిపోయి ఉంటే వైరు బ్రష్షుతో గీకి, తడిగుడ్డతో తుడిచి చదివా. '15×6.5జె', దాని పక్కన 'ఈటీ35', ఇంకోచోట '4×100', మధ్య రంధ్రం దగ్గర '73.1'. కంపెనీ పేరు లేదు.

టైరు మీద చివరి నాలుగు అంకెలు 2215.

---

ఆటోనగర్_నెల్లూరు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

దొరికింది తమ్ముడూ. అన్నీ దొరికాయి.

2215 అంటే 2015వ సంవత్సరం 22వ వారంలో చేసిన టైరు. నీ బండి 2018ది. బండి పుట్టకముందే పుట్టిన టైరు దానికి కొత్తగా ఎట్ట వేస్తారు? ఏదో వేరే బండి నుంచి తీసిన పాతవి తగిలించి నీకు అమ్మారు. గీతల లోతు ఎంత ఉన్నా ఆ రెండూ పక్కన పడెయ్యి. గోడని బొటనవేలితో నొక్కి వంచి చూడు, వెంట్రుకవాసి పగుళ్లు కనపడతాయి.

ఇక రిమ్ము. 6.5జె అంటే టైరు అంచులు కూచునే చోట లోపలి వెడల్పు ఆరున్నర అంగుళాలు. జె అనేది రిమ్ము అంచు ఆకారానికి పెట్టిన అక్షరం. ఈటీ అనేది జర్మన్ మాట, మన షాపుల్లో ఆఫ్‌సెట్ అంటాం. రిమ్ము నట్టనడుమ నుంచి, హబ్బుకి (చక్రం బిగించే ఇరుసు చివర) ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో ఆ లెక్క. ఈటీ ఎక్కువైతే చక్రం లోపలికి ఒదుగుతాది, తగ్గితే బయటికి పొడుచుకొస్తాది.

కంపెనీ రిమ్ము 5.5జె, ఈటీ45 అనుకుందాం. నీ బండికి అసలు వచ్చిన రిమ్ము ఎక్కడన్నా దొరికితే దాని వెనక చదివి సరిచూసుకో, లెక్క మాత్రం ఇదే. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అందులో సగం, 12.7 మిల్లీమీటర్లు, బయటికి. ఆఫ్‌సెట్ పది తగ్గింది, అది మొత్తం బయటికే. కలిపితే రిమ్ము అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికొచ్చింది. టైరు గోడ కూడా ఒకటిన్నర సెంటీమీటరు పైనే జరిగుంటాది. అందరూ దిగినప్పుడు బాగానే ఉంటాది. ఐదుగురు ఎక్కి వెనక స్ప్రింగులు కుంగినప్పుడు టైరు భుజం సరిగ్గా ఫెండర్ అంచు కిందికి పోతాది. దాని మీద టీచరమ్మ చెప్పిన ఆరున్నర మిల్లీమీటర్ల ఎత్తు. రెండూ కలిసి కొట్టాయి.

వణుకు సంగతి. 4×100 అంటే నాలుగు నట్లు, అవి కూచునే వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. అది సరిపోయింది కాబట్టే రిమ్ము ఎక్కింది. 73.1 మాత్రం మధ్య రంధ్రం. నీ బండి హబ్బు 54.1. మధ్యలో 19 మిల్లీమీటర్ల ఖాళీ. బయట అమ్మే అల్లాయ్‌లు అన్ని కార్లకీ పట్టాలని పెద్ద రంధ్రం పెడతారు. ఆ ఖాళీ పూడ్చడానికి ప్లాస్టిక్‌వో అల్యూమినియంవో రింగులు వస్తాయి, హబ్ రింగులంటాం. అవి ఉన్నాయా నీకు?

---

కావలి_డిజైర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:25

లేవన్నా. రంధ్రంలో వేళ్లు దూరుతున్నాయి.

---

ఆటోనగర్_నెల్లూరు | ఆదివారం, మధ్యాహ్నం 2:32

అయితే నట్లు బిగించేటప్పుడు చక్రం ఇసుమంత పక్కకి కూచున్నా అది సుడి తిరిగినట్టు తిరుగుతాది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించి సీసం ముక్కలు అతికించినా వణుకు తగ్గదు. మెషిన్ మీద చక్రం మధ్యకి కూచుంటాది, బండి మీద కూచోదు.

---

చీమకుర్తి_రాయి | ఆదివారం, సాయంత్రం 5:45

చర్చ చదివి మా బండి దగ్గరికి పోయి నేనూ నంబర్లు రాసుకొచ్చాను. నాకు 88, 91 అనే నంబర్ల గురించి చెప్పండి. మా దారిలో గ్రానైట్ లారీల నుంచి రాలే చెక్కు ముక్కలకి ఏడాదికి ఒక టైరన్నా పోతది. కొత్తది కొన్నప్పుడల్లా ముందు మూడు నంబర్లు సరిపోతే చాలు అనుకునేవాణ్ణి.

---

లెక్కల_టీచరమ్మ | ఆదివారం, రాత్రి 7:30

అది కిలోలు కాదండీ, ఒక పట్టికలో వరుస నంబరు. 84 అంటే ఒక్క టైరు మోయగలిగేది 500 కిలోలు. 85 అంటే 515. 88 అంటే 560. 91 అంటే 615. 92 అంటే 630. ఈ వరసలో నంబరు ఒక్కటి మారితే పదిహేను, ఇరవై కిలోలు మారుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ బరువు కూడా టైరులో పూర్తి గాలి ఉన్నప్పుడే.

అక్షరం వేగానికి. ఎస్ 180, టి 190, హెచ్ 210, వి 240 కిలోమీటర్లు. హెచ్ అక్షరం వరసలో రాదు, యు తర్వాత వస్తుంది. యు 200. మన హైవే మీద కారుకి 100 దాటకూడదు కదా, 210 ఎందుకు అని పిల్లలు అడుగుతారు. వేగం అంటే వేడి. ఎక్కువ అక్షరం ఉన్న టైరు ఎక్కువ వేడి తట్టుకునేలా కట్టింది. రోహిణి కార్తెలో మన 16వ నంబరు హైవే మీద మధ్యాహ్నం పూట కాలు మోపలేం, టైరు గంటల తరబడి దాని మీదే ఉంటుంది. అందుకని స్టిక్కర్‌లో ఉన్న బరువు నంబరుకీ, అక్షరానికీ తక్కువ ఎప్పుడూ వేయకూడదు. ఎక్కువైతే పర్వాలేదు.

---

ఒంగోలు_ట్యాక్సీ | ఆదివారం, రాత్రి 8:10

ఈ నంబరు సంగతి నాకు డబ్బు పోసి తెలిసింది, చెప్తా వినండి. రెండేళ్ల కిందట రెండు టైర్లు అరిగిపోతే ఒక షాపులో 185/65 ఆర్15 లేదు, 175/65 ఆర్15 ఉంది, రేటు తక్కువ, రిమ్ముకి పడుద్ది అన్నారు. పడింది కూడా. దాని మీద 84 ఉంది. అప్పుడు నాకు తెలియదు. ఒక్కో టైరుకి 60 కిలోలు తగ్గినట్టు గదా. ఐదుగురు మనుషులు, పైన క్యారియర్ మీద లగేజీ, ఎండాకాలం తిరపతి ట్రిప్పు. వెనక్కి వస్తా కావలి దగ్గర టీకి ఆపితే ఎడమ వెనక టైరు గోడ మీద కోడిగుడ్డంత పొంగు. వేలితో తాకితే మెత్తగా ఉంది. లోపల తాళ్లు తెగి రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోంది. స్టెప్నీ వేసుకుని 60 దాటకుండా ఒంగోలు చేరాం. పిల్లలున్నారు బండిలో. ఆ రోజు నుంచి నంబరు చదవకుండా టైరు వేయనివ్వను.

---

పాత_అంబాసిడర్ | ఆదివారం, రాత్రి 9:20

కందుకూరు నుంచి. నేను అంబాసిడర్ తోలిన రోజుల్లో టైరు మీద '5.90-15' అని ఉండేది. వెడల్పూ అంగుళాల్లోనే, రిమ్మూ అంగుళాల్లోనే, శాతం అనే గొడవే లేదు. మధ్యలో గీత ఉండేది. ఆ గీత అంటే తాళ్లు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన నైలాన్ టైరు అని. ఇప్పుడు ఆ గీత ఉన్నచోటే ఆర్ వచ్చింది. రేడియల్‌లో తాళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకి నిటారుగా పోతాయి, వాటి మీద ఉక్కు పట్టీ. మిషెలిన్ వాళ్లు 1946లో దానికి పేటెంటు తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చారు. నైలాన్ టైరు మీద నుంచి రేడియల్‌కి మారిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. స్టీరింగ్ తేలికైంది, బండి గీత గీసినట్టు పోయింది.

వెడల్పు మిల్లీమీటర్లలో, రిమ్ము అంగుళాల్లో ఎందుకని మా మనవడు అడిగాడు. రిమ్ములు, వాటిని చేసే అచ్చులు ప్రపంచమంతా అప్పటికే అంగుళాల్లో స్థిరపడిపోయాయి. 1970లలో అదే మిషెలిన్ టీఆర్ఎక్స్ అని 390 మిల్లీమీటర్ల రిమ్ములు తెచ్చింది. వాటికి వాటి టైర్లే పట్టాలి, వేరేవి పట్టవు. నిలబడలేదు.

ఇంకో మాట. పాత వ్యాన్ల మీద '145 ఆర్12 ఎల్‌టీ' అని శాతం లేకుండా ఉంటుంది. అలా ఉంటే గోడ ఎత్తు 80, 82 శాతం అనుకుని లెక్క కట్టుకోండి. ఎల్‌టీ అంటే సరుకు బండి టైరు.

---

దర్శి_దారి | సోమవారం, ఉదయం 7:15

గాలి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను అడుగుతున్నా. నా టైరు గోడ మీద 'గరిష్ఠం 350 కిలోపాస్కల్స్, 51 పీఎస్ఐ' అన్న అర్థంలో రాసి ఉంది. నిన్నటిదాకా నేను 50 పట్టిస్తున్నా, టైరు మీద రాసిందే గదా అని. బండి రాళ్ల మీద పోయినట్టు ఎగిరిపడతది.

---

ఆటోనగర్_నెల్లూరు | సోమవారం, ఉదయం 7:40

ఇవాళే దించెయ్ అన్నా. టైరు మీద ఉండేది అది తట్టుకోగలిగిన హద్దు. నీ బండికి ఎంత కావాలో బండి చేసినవాడు రాసింది డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటాది. ఒకే టైరు తేలిక బండికీ వస్తాది, బరువు బండికీ వస్తాది, రెండిటికీ ఒకే గాలి ఎట్ట సరిపోతాది? స్టిక్కర్‌లో ఇద్దరికి ఒక లెక్క, ఫుల్ లోడుకి ఒక లెక్క వేరుగా ఉంటే ఆ రెండో లెక్క వెనక చక్రాలకి ఎంతో కూడా చూడు. గాలి పొద్దున్నే చూసుకో, బండి తోలకముందు. ఎండలో తిరిగొచ్చినాక కొలిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తాది. అది చూసి గాలి దించితే తెల్లారేసరికి తక్కువైపోయి ఉంటాది. ఎక్కువ గాలికి టైరు నడిమి పట్టీ అరుగుతాది, తక్కువ గాలికి రెండు భుజాలూ అరుగుతాయి. నీ టైరు నడిమి పట్టీ అరిగి ఉంటాది చూడు.

---

దర్శి_దారి | సోమవారం, ఉదయం 8:05

చూశా. నడిమి రెండు పట్టీలు పక్క వాటికంటే పల్చగా ఉన్నయ్. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మలున్నయ్, వాటికి దగ్గరకొచ్చింది.

---

ఆటోనగర్_నెల్లూరు | సోమవారం, ఉదయం 8:12

ఆ దిమ్మల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గీతలు అరిగి వాటితో సమానం అయితే టైరు మార్చాల్సిందే. గోడ మీద టీడబ్ల్యూఐ అని గానీ చిన్న త్రికోణం గానీ ఉన్నచోట నేరుగా లోపలికి చూస్తే దిమ్మ కనపడతాది. తుపాను వానల్లో హైవే మీద నీళ్లు నిలుస్తాయి గదా, ఆ నీళ్లని పక్కకి తోసేది ఆ గాళ్లే.

---

చీమకుర్తి_రాయి | సోమవారం, రాత్రి 9:00

మా తమ్ముడికి కూడా డిజైరే. 16 అంగుళాల అల్లాయ్‌లు వేస్తానని కూచున్నాడు. 195/55 ఆర్16 అంట. టీచరమ్మ గారి లెక్క కడితే 107.25 గోడ, మొత్తం 620.9 వచ్చింది. అసలు సైజుకి అర మిల్లీమీటరు తేడా. అయితే వేసుకోవచ్చా?

---

లెక్కల_టీచరమ్మ | సోమవారం, రాత్రి 9:25

లెక్క సరిగ్గా కట్టారు. ఎత్తు వరకూ సరిపోయింది, స్పీడు మీటరు కూడా తేడా చూపించదు. ఎత్తు మారితే మీటరు తప్పుతుంది కదా. ఉదాహరణకి ఇదే బండికి 205/65 ఆర్15 వేస్తే 647.5 అవుతుంది, నూటికి నాలుగు పాళ్లు పైనే. మీటరులో 100 చూపించేటప్పుడు నిజంగా 104 మీద పోతుంటారు.

కానీ ఎత్తు ఒక్కటే చూడకండి. గోడ 120 నుంచి 107కి తగ్గింది. గుంటలో పడ్డప్పుడు దెబ్బని మింగేది ఆ గోడే.

---

ఒంగోలు_ట్యాక్సీ | సోమవారం, రాత్రి 9:50

వద్దని చెప్పు బాబాయ్. మీ దారిలో రాళ్లు పడతన్నాయని నువ్వే రాశావు. గోడ తగ్గితే రాయి దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుద్ది. అల్లాయ్ అయితే పగిలిపోవచ్చు. ఇనప రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు. తప్పదంటే బరువు నంబరు 88కి తగ్గకుండా, ఈటీ, మధ్య రంధ్రం కంపెనీ వాటికి సరిపోయేలా తీసుకోమను. నావరకైతే ఆ డబ్బుతో మంచి టైర్లు కొంటా.

---

కావలి_డిజైర్ | బుధవారం, సాయంత్రం 6:30

అన్నా, మేడం, మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని ఇవాళ నెల్లూరు వచ్చా. అల్లాయ్‌లు అమ్మేసి ఇదే మోడల్‌కి వచ్చిన కంపెనీ రిమ్ములు నాలుగు తీసుకున్నా. వెనక చదివే తీసుకున్నా. వెనకకి రెండు కొత్త టైర్లు 185/65 ఆర్15 88హెచ్. షాపు అబ్బాయి ముందు తెచ్చినవి మూడేళ్ల పాతవి. నాలుగు అంకెలు చూపించి వద్దంటే లోపలికి పోయి ఈ ఏడాదివి తెచ్చాడు, ఏమీ అనలేదు. ముందువి రెండూ నాలుగేళ్లవే, గీతలు బాగున్నాయి, పగుళ్లు లేవు. వాటిని అట్నే ఉంచా.

ఒక సందేహం. కొత్తవి ముందు వేయమన్నాను, ముందు చక్రాలే లాగుతాయి గదా అని. షాపతను వెనక వేస్తానన్నాడు. వెనకే వేయించా. సరైందేనా?

---

ఆటోనగర్_నెల్లూరు | బుధవారం, సాయంత్రం 6:55

సరైందే తమ్ముడూ. అతను పని తెలిసినవాడు. తడి రోడ్డు మీద ముందు జారితే నీకు స్టీరింగ్‌లో తెలుస్తాది, కాలు తీస్తే సర్దుకుంటాది. వెనక జారితే బండి తిరిగిపోతాది, ఎంత పాత డ్రైవరైనా పట్టుకోలేడు. అందుకే గీతలు ఎక్కువున్నవి ఎప్పుడూ వెనకే.

నువ్వు చేతులారా కొలిచి చూసుకోవాలంటే ఒక పద్ధతి చెప్తా. చదునైన నేల మీద టైరు కింద ఆనే చోట సుద్దముక్కతో గోడ మీదా నేల మీదా ఒకే గీత పెట్టు. బండిని తిన్నగా తోసి గోడ మీద గీత మళ్లీ కిందికి వచ్చినచోట నేల మీద ఇంకో గీత. మధ్య దూరం టేపుతో కొలువు. 621.5కి చుట్టుకొలత లెక్క ప్రకారం 1952 మిల్లీమీటర్లు రావాల. బండి బరువుకి టైరు నొక్కుకుపోతాది కాబట్టి దానికంటే అర జానెడు లోపు తక్కువ వస్తాది, కంగారు పడొద్దు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ దగ్గరగా వస్తే సరే.

---

కావలి_డిజైర్ | శనివారం, రాత్రి 8:45

కొలిచానన్నా. మా నాన్న టేపు పట్టుకున్నాడు. వెనకది 1898, ముందుది 1889. ముందువి కాస్త అరిగినవి గదా, ఆ తేడా అనుకుంటున్నా.

ఇవాళ అందరం మళ్లీ మాలకొండ పోయొచ్చాం. పోయినవారం ఎక్కిన ఐదుగురమే, స్టిక్కర్‌లో ఉన్న ఫుల్ లోడు గాలి పట్టించి. కిటికీలు దించి, ఆ మలుపుల్లో చెవి అక్కడే పెట్టుకుని కూచున్నా. ఏ చప్పుడూ లేదు. దిగినాక లైనింగ్ మీద సుద్ద పూసి ఉంచింది చూశా, సుద్ద చెరగలేదు. సింగరాయకొండ దాకా హైవే మీద కూడా పోయి చూశా, 95లో స్టీరింగ్ కదల్లేదు. మా అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది.

---

ఆటోనగర్_నెల్లూరు | శనివారం, రాత్రి 9:10

చానా సంతోషం తమ్ముడూ. చక్రాలు విప్పి వేసినాక వంద కిలోమీటర్లు తిరిగావు. రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు నట్లు మళ్లీ ఒకసారి చూసుకో. గుండ్రంగా వరసగా కాదు, ఎదురెదురుగా.

---

కావలి_డిజైర్ | ఆదివారం, ఉదయం 7:05

చూశానన్నా. కుడి వెనక చక్రానికి ఒక నట్టు కొంచెం తిరిగింది. మిగతావి గట్టిగానే ఉన్నాయి.